డ్యూటీ దిగిన నీళ్ళు

ఏప్రిల్ రెండో వారం.
బొబ్బర్లంక రేవులో మా బోటు
ఇసకలో ఓ పక్కకి ఒరిగి
ఎండకి నోరు తెరుచుకుని పడుంది.
లైఫ్ జాకెట్లు దండెం మీద ఆరుతున్నాయి,
తడవకుండానే.

టికెట్ల పుస్తకానికి రబ్బరుబ్యాండు చుట్టి
పెదనాన్నకి ఫోన్ చేస్తాను.
"సీలేరులో వదిలారంటావా?"
ఆయన పేపరు చూడడు, గేజీ చూడడు.
"మొన్న ఆదివారం ఎండ ఎలా కాసిందే వేణీ?"
"మాడిపోయింది పెదనానా."
"అయితే పట్నంలో జనం
రాత్రంతా ఏసీలు వేసుకునే ఉంటారు.
కొండమీద మిషన్లు తిరిగే ఉంటాయి.
బుధవారానికి గొలుసు విప్పుకో."

పందొమ్మిదేళ్ళప్పుడు కామాడి గంగులు
లాకుల దగ్గర తాడు లాగే పని మానేసి
సీలేరు కొండల్లో డ్యామ్ కడుతున్నారంటే వెళ్ళాడు.
సిమెంటు బస్తాలు, సొరంగంలో దీపం,
మన్యం జ్వరం మూడుసార్లు.
తిరిగొచ్చినప్పుడు తెచ్చింది
మాడిపోయిన బల్బు ఒకటి.
మా వంటింటి మేకుకి ఇప్పటికీ వేలాడుతోంది,
దేనికో ఎవరూ అడగరు.

ఓసారి మాత్రం, కల్లు తాగిన రోజున, చెప్పాడు:
అక్కడో ముసలమ్మ చోడి అంబలి పోసేదని,
ఆవిడ పొయ్యి ఇప్పుడు
ఎన్ని బారల లోతులో ఉందో
ఏ ఇంజనీరూ కొలవలేదని.

బుధవారం తెల్లారగట్ల
ఇసక మీద ఒక తడిగీత.
కాసేపటికి గీత కదిలింది.
పిచ్చిగడ్డి, నురుగు, ఎవరిదో చెప్పు,
వాటి వెనక
చప్పుడు చెయ్యకుండా గోదారి.
బోటు అడుగున గుటకేసినట్టయింది;
ఒరిగినది నిటారుగా కూర్చుంది.

సాయంత్రం ముప్ఫై రెండు టికెట్లు.
ఆత్రేయపురం రైతొకాయన
అంచు మీంచి చెయ్యి ముంచి పెదవి విరిచాడు.
"కరెంటు తీసేసిన నీళ్ళు కదమ్మా,
వెన్న తీసిన మజ్జిగలా ఉంటాయి.
చేనుకేం సత్తువ?"
మండపేట పిల్లొకతి
గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది,
ఇంకా కాస్త మిగిలుందేమోనని.

రేవు మెట్ల మీద పెదనాన్న,
పంచె మోకాళ్ళ పైకి మడిచి
కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని.
పదకొండేళ్ళుగా పిలుస్తున్నాను,
ఒక్క రౌండూ ఎక్కలేదు.
"టికెట్టు వద్దులే, రా."
"డబ్బులక్కాదే.
రాత్రంతా చక్రాలు తిప్పి, డ్యూటీ దిగి
అంత దూరం నడిచొచ్చాయి.
రేపు లాకులు దాటి చేలల్లో
మళ్ళీ పనికెక్కాలి.
మధ్యలో ఈ కాస్తసేపూ
నేను కూడా నెత్తినెక్కాలా?"

నది మధ్యలో ఇంజను ఆపించాను.
"డీజిలైపోయిందా?" అన్నారెవరో.
"డబ్బులు కట్టింది నిలబడ్డానికా?" అన్నారింకొకరు.
ఐదు నిమిషాలండి, అన్నాను.
కారణం చెప్పలేదు, చెప్పడం చేతకాక.

బ్యారేజీ మీద దీపాలు
ఒక చివర్నించి రెండో చివరికి
ఒక్కొక్కటే వెలిగాయి.
మొక్కజొన్న కంకులు కాల్చే పొగ
గేట్ల మీదుగా దిగింది.
ఆదివారం చీకట్లో పని చేసొచ్చిన నీటి మీద
బుధవారం వెలుగు పడుకుంటే
నీరు దాన్ని గుర్తు పట్టిందో లేదో,
కాస్త కదిలింది, అంతే.
మండపేట పిల్ల మళ్ళీ చెయ్యి ముంచింది.
ఈసారి తియ్యలేదు.

ఒడ్డుకొచ్చాక రైతాయన
పది రూపాయలు తిరిగిమ్మన్నాడు,
ఆపిన ఐదు నిమిషాలకి.
ఇచ్చాను.
పెదనాన్న అప్పటికే వెళ్ళిపోయాడు,
మెట్టు మీద రెండు తడి పాదాలు మాత్రం
ఆరుతూ ఉన్నాయి.

ఈ ఆదివారం మబ్బేసింది.
పట్నంలో చల్లగా ఉందట,
మా చెల్లెలు ఫోన్లో మురిసిపోయింది,
ఫ్యాను కూడా వెయ్యలేదంది.
సరేనని ఫోన్ పెట్టేసి
రేవుకెళ్ళి
గొలుసు ఇంకో చుట్టు చుట్టాను.